మైలురాయికి ఇవతల

తలుపు వేసుకోమని ఈ వీధిలో నాకు చెప్పనివాళ్లు లేరు. ఎదురింటి ట్రెబియా అయితే నీళ్లకి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చెబుతుంది. "ముసల్దానివి, ఒక్కదానివి. వీధి తలుపు బార్లా తీసిపెట్టుకుని కూర్చుంటే దొంగలు పడరా?" అంటుంది. పడితే పడనీ అంటాను. ఇంట్లో ఉన్నవి రెండు కుండలు, ఒక మగ్గం, ఎలకలు కొరికిన జనుము కట్ట. వాటికోసం అవెంటైన్ గుట్ట ఎక్కి వచ్చే దొంగకి నేనే ఇంత జావ పోసి పంపిస్తాను. ట్రెబియా మూతి తిప్పుకుని పోతుంది. మంచిదే పాపం, నోరే కాస్త పెద్దది. నా నోరూ చిన్నదేం కాదు.

ఇరవైమూడేళ్ల కిందట ఈ తలుపు ఏడాది పాటు మూయలేదు. అప్పుడు మూయకూడదని కట్టుబాటు. మా ఆయన నుమేరియస్ ఆ ఏడు ట్రిబ్యూన్.

మాది తాళ్లు పేనే ఇల్లు. టైబర్ నది రేవులో పడవల్ని కట్టే మోకులు చాలావరకు మా పెరట్లో పుట్టినవే. మోకు పేనడానికి ఇద్దరు కావాలి. ఒకరు కొస పట్టుకుని పురి తిప్పుతూ ఒకచోట నిలబడాలి. ఇంకొకరు నడుముకి జనుము చుట్టుకుని, వేళ్లతో నార వదులుతూ వెనక్కి నడవాలి. పెళ్లయిన నాటి నుంచి పురి తిప్పేది నేను, వెనక్కి నడిచేది ఆయన. మాకు పిల్లలు లేరు. మాటలు కూడా తక్కువే. ఆయన నోట్లోంచి ఒక మాట రావాలంటే బావిలోంచి నీళ్లు తోడినంత పని. అయినా నాకు లోటనిపించలేదు. చేతిలో తాడు బిగువు చూస్తే ఆ చివర ఆయన మనసు ఎలా ఉందో నాకు తెలిసిపోయేది. కోపం వస్తే ఒకలా లాగేవాడు, అలిసిపోతే ఒకలా.

ఇంత ముభావపు మనిషిని ట్రిబ్యూన్‌గా ఎందుకు ఎన్నుకున్నారని అడుగుతారేమో. కదలడు కాబట్టి ఎన్నుకున్నారు. ఒకసారి రేవులో ఎవరో పెద్దింటివాళ్ల మనుషులు ఒక పడవవాణ్ణి పట్టుకుపోబోతే ఈయన దారికి అడ్డంగా నిలబడ్డాడు. పొద్దున నిలబడ్డవాడు సాయంత్రం దాకా నిలబడ్డాడు. తిట్టారు, బతిమాలారు, మీద నీళ్లు పోశారు. ఈయన ఒక్క మాట అనలేదు, ఒక్క అడుగు జరగలేదు. చివరికి వాళ్లకే విసుగొచ్చి పోయారు. ఆ మరుసటి ఎన్నికల్లో మా సామాన్యులంతా కలిసి ఆయన పేరు చెప్పారు.

ట్రిబ్యూన్ పని కూడా అదే మరి, అడ్డం నిలబడడం. ఊరినీ సైన్యాన్నీ ఏలే కాన్సల్ పదవి, పూజల పదవులు, మంచి కుర్చీలన్నీ పెద్దింటివాళ్లవి. మాకున్నది ఏటా మేం ఎన్నుకునే ఈ పదిమందే. ఎవణ్ణయినా భటులు ఈడ్చుకుపోతుంటే వాడు "ట్రిబ్యూన్, ఆదుకో" అని కేక వెయ్యాలి. ట్రిబ్యూన్ వచ్చి, మధ్యలో నిలబడి, చెయ్యి చాపి "ఒప్పుకోను" అనాలి. అంతే, కాన్సల్ అయినా ఆగవలసిందే. కానీ మనిషి స్వయంగా వచ్చి నిలబడాలి, కబురు పంపితే చెల్లదు. అందుకే ట్రిబ్యూన్ ఒక్క రాత్రి కూడా ఊరు విడిచి ఉండకూడదు, ఆయన ఇంటి తలుపు పగలూ రాత్రీ మూయకూడదు. ఆయన ఒంటి మీద చెయ్యి వేసినవాడు శాపగ్రస్తుడు. వాణ్ణి ఎవరు చంపినా తప్పు లేదు.

డిసెంబరులో ఆయన పదవిలోకి వచ్చిన రోజున తలుపుని గోడకి ఆనించి, కింద ఒక రాయి దోపాం. నేను మురిసిపోయాను. ట్రెబియా ముందు నాలుగు రోజులు మెడ వంచకుండా నడిచాను కూడా.

వారం తిరిగేసరికి ఆ మురిపెం వదిలింది. పొద్దున నేను కళ్లు తెరిచేసరికి పొయ్యి దగ్గర ఎవడో కూర్చుని ఉండేవాడు. ఒకడికి గట్టు తగాదా, ఒకడికి దెబ్బలు, ఒకావిడకి పక్కింటి పెద్దబాతు కరుస్తుందని బాధ. నేను జావ కాస్తుంటే నా భుజం మీదుగా తొంగిచూసి "ఉప్పు చాలదమ్మా" అనేవాళ్లు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, మాకు పల్లకీ లేదు, ఈగలు మాత్రం ఇంటా బయటా. ఆయన వచ్చిన ప్రతివాడి గోడూ వినేవాడు. నేను మాట్లాడబోతే "ఉండు మెవియా, ఈయన చెప్పేది విననీ" అనేవాడు. పెరట్లో తాళ్ల పని ఆగిపోయింది. పురి తిప్పే కొక్కేనికి సాలెపురుగు గూడు పెట్టింది. ఇల్లంతా మనుషులు, నాకు మాత్రం ఒక్క మనిషి లేడు.

ఆయన సంగతి ఇంకా విడ్డూరం. ఆయన వీధిలోకి వస్తే జనం రెండు పక్కలా తప్పుకునేవాళ్లు. గౌరవమే అనుకోండి, భయం కూడా. పొరపాటున మోచెయ్యి తగిలితే శాపం ఎక్కడ చుట్టుకుంటుందోనని. భుజం మీద చరిచి నవ్వే రేవులో స్నేహితులు కూడా నాలుగడుగుల దూరంలో ఆగిపోయి మాట్లాడేవాళ్లు. ఫిబ్రవరిలో దవడ పన్ను సలిపి చెంప ఉబ్బిపోయింది. పన్ను పీకేవాడి దగ్గరికి పోతే వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నీకు నొప్పి పుట్టిస్తే నా తల పోతుంది. పదవి దిగాక రా," అన్నాడు.

"అప్పటిదాకా పన్ను ఆగుతుందా?" అని ఈయన అడిగితే, "ఒప్పుకోనని చెప్పు, ఆగుతుందేమో," అన్నాడట.

చివరికి నేనే సన్నని జనుము పురి పన్నుకి బిగించి ఒక్క లాగు లాగాను. ఆయన నా నడుము పట్టుకుని మూలిగాడు. రక్తం ఉమ్మి, నవ్వి, "ఊళ్లో నన్ను ముట్టుకునే మనిషివి నువ్వొక్కదానివే మిగిలావు," అన్నాడు. ఆ ఏడాది మొత్తంలో ఆయన నాతో చెప్పిన పెద్ద మాట అదే.

ఇక నా తమ్ముడు సెర్టర్ గురించి చెప్పాలి. అమ్మ పోయేనాటికి వాడికి రెండేళ్లు, నాకు పది. చిక్కుడుగింజల జావ నమిలి వాడి నోట్లో పెట్టి పెంచాను. పెళ్లయి వచ్చేటప్పుడు వాణ్ణి కూడా తీసుకొచ్చాను. నుమేరియస్ ఒక్క మాట అనలేదు సరికదా, వాడికి ముడులు వెయ్యడం నేర్పాడు. వాడు పెద్దయ్యాక ఊరి గోడకున్న కపేనా ద్వారం బయట, రోడ్డు పక్కన, నాన్న వదిలిపోయిన ముక్క పొలం చేసుకుంటూ ఉండేవాడు. అప్పటికి రెండుసార్లు యుద్ధానికి పోయివచ్చాడు. ఓపియా అనే పిల్లని చేసుకున్నాడు. ఆ వసంతంలో ఆమెకి ఏడో నెల.

మార్చిలో కాన్సల్ మళ్లీ సైన్యానికి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. కొండల్లో ఉండే ఈక్వియన్ జాతివాళ్ల మీదికి. పిలిచేది ఎప్పుడూ ఊళ్లోనే, కాపిటల్ కొండ మీద. పోయినేడు పోయినవాళ్లనే ఈ ఏడూ పొమ్మంటే ఎలాగని జనం పలకడం మానేశారు. భటులు పట్టుకోబోతే కేక వేసేవాళ్లు, నుమేరియస్ వెళ్లి మధ్యలో నిలబడేవాడు. పదిమంది ట్రిబ్యూన్లలో కొందరు అప్పటికే కాన్సల్ ఇంట్లో విందులకి పోతున్నారు, కొందరు జ్వరమని ముసుగు తన్నారు. నిలబడింది ఈయనొక్కడే. మూడువందలమంది ఆయన ఒక్క మాట మీద ఇళ్లల్లో ఉన్నారు.

నేను ఒకరోజు పొద్దున్నే రెండు జున్ను ముద్దలు గుడ్డలో కట్టుకుని సెర్టర్ పొలానికి పోయాను. వాడు ఆలివ్ మొక్కలకి పాదులు చేస్తున్నాడు.

"ఒరేయ్, ఈసారి పేరు పిలిస్తే పలకకు," అన్నాను.

"అదేంటక్కా? మా పాత దళం అంతా పోతోంది. అందరూ ఈ చుట్టుపక్కల పొలాలవాళ్లే. కలిసి పోతాం, కలిసి వస్తాం."

"రెండుసార్లు పోయొచ్చింది చాలదూ? ఓపియా కడుపు చూడు."

"దాన్ని వాళ్లమ్మ చూసుకుంటుందిలే."

"మరి నన్నెవరు చూస్తార్రా?" అన్నాను. నాకు తెలియకుండానే వచ్చేసింది ఆ మాట.

వాడు నవ్వాడు. "నీకేమక్కా, ట్రిబ్యూన్ పెళ్లానివి. మీ ఇంటికొస్తే కాలు పెట్టడానికి చోటుండదు. మొన్న వస్తే మీ పొయ్యి దగ్గర ఎవడో నన్నే అడిగాడు, నీకేం కష్టమొచ్చింది నాయనా అని."

నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. ఇల్లు అలా ఉంటే, వీడు కూడా పోతే, నేను ఎవరితో మాట్లాడాలి? ఉన్న నిజం అదే. ఓపియా కోసం కాదు, వాడి ప్రాణం కోసం కూడా కాదు, నాకోసం అడిగాను. వారానికోసారి ఇంత దూరం నడిచి వచ్చి వీడితో నాలుగు మాటలు పోట్లాడకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

"పలకకురా. భటులు వస్తే ఒక్క కేక వెయ్యి. మీ బావ చూసుకుంటాడు," అన్నాను.

వాడు పార ఆపాడు. "బావ చెప్పాడా ఆ మాట?"

ఆయన ఏమీ చెప్పలేదు. ఆయన్ని అడిగే తీరిక ఎవడిచ్చాడు నాకు?

"చెప్పాడు," అన్నాను.

"అయితే సరే. బావ చెబితే చెప్పినట్టే," అన్నాడు సెర్టర్.

కపేనా ద్వారం నుంచి మైలు దూరంలో రోడ్డు పక్కన ఒక రాయి ఉంది. మోకాలెత్తు ఉంటుంది, మేకలు ఒళ్లు రుద్దుకుంటాయి. ట్రిబ్యూన్ అధికారం ఆ రాయి దాకానే. దాటితే కాన్సల్ మాటే మాట, ట్రిబ్యూన్ కూడా అందరిలాంటి మనిషే. ఇది మా ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. సెర్టర్ పొలం ఆ రాయికి యాభై అడుగులు అవతల. నేను ఆ రాయిని వందసార్లు దాటి ఉంటాను, ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు. పేర్లు పిలిచేది ఊళ్లోనే కదా, వీడు ఊళ్లోకి వస్తాడు కదా, ఇంకేం అనుకున్నాను. అసలు అంత కూడా అనుకోలేదు. నా బాధలో నాకు రాయి ఎక్కడ గుర్తుంటుంది?

మరునాడు కాన్సల్ తన కుర్చీ ఎత్తించాడు. ఊళ్లో పని జరగనివ్వకపోతే ఊరి బయట జరిపిస్తానన్నాడు. కపేనా ద్వారం దాటించి, రాయి దాటించి, సరిగ్గా సెర్టర్ పొలం పక్కన బీడులో కుర్చీ వేయించుకున్నాడు. బయట పొలాలున్న ప్రతివాడి పేరూ పిలవడం మొదలుపెట్టాడు. పలకనివాణ్ణి కొట్టించడం, వాడి పశువుల్ని తోలించడం. ఆ కబురు తెచ్చిన మనిషి మా గడపలోనే కూలబడ్డాడు.

"సెర్టర్‌ని పట్టుకున్నారు. పాదుల్లోంచి ఈడ్చుకొచ్చారు," అన్నాడు.

నుమేరియస్ తింటున్న గిన్నె కింద పెట్టి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం నేను అప్పుడే మొదటిసారి చూడడం. ఇల్లంతా ఆయన వెంట లేచి పరుగెత్తింది. నేను చెప్పులు వెతుక్కుని, వెతకడం మానేసి, వట్టి కాళ్లతో వెనకాల పడ్డాను. నలభై దాటిన ఆడదాన్ని, ద్వారం దగ్గరే ఊపిరి అందలేదు. నేను చేరుకునేసరికి అంతా సగం అయిపోయింది.

రాయి దగ్గర గుంపు నిలబడి ఉంది. గుంపుకి ముందు నుమేరియస్, ఆయన కాలి బొటనవేలు రాయిని ఆనుకుని ఉంది. యాభై అడుగుల అవతల సెర్టర్ మోకాళ్ల మీద ఉన్నాడు. చొక్కా చించేసి ఉంది, వీపు సంగతి చెప్పలేను. బెత్తాల కట్టలు మోసే భటులు పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నారు. కాన్సల్ కుర్చీలో వెనక్కి వాలి ఈయనతో మాట్లాడుతున్నాడు, సంతలో బేరమాడినట్టు.

"ఏమోయ్ తాళ్లవాడా, ఇంత దూరం వచ్చావు. ఇంకొక్క అడుగేగా? రా. నీ వయసు కూడా సైన్యానికి సరిపోతుంది, నీ పేరూ పిలుస్తాను. పలుకుతావా లేదా చూద్దాం."

నుమేరియస్ కదల్లేదు.

ఆయన దాటితే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. దాటిన క్షణం ఆయన వట్టి తాళ్లవాడు. పట్టుకుంటారు, కొడతారు, ఆ రాత్రి ఊళ్లోకి రానివ్వరు. ఊళ్లో అడ్డం నిలబడేవాడు ఉండడు. తెల్లారేసరికి ఆ మూడువందలమందినీ తోలుకుపోతారు. అంతా తెలుసు. కానీ అక్కడ మోకాళ్ల మీద ఉన్నవాణ్ణి నేను జావ పెట్టి పెంచాను.

"నీ కాళ్లకి మేకులు కొట్టారా?" అని అరిచాను. "వెళ్లవేం? వాడు నీ చేతుల్లో పెరగలేదూ?"

ఆయన నా వైపు తిరగలేదు. చెయ్యి మాత్రం ముందుకి చాపి ఉంది, ఊళ్లో ఎవరికైనా అడ్డం నిలబడ్డప్పుడు చాపినట్టే. అక్కడ ఆ చేతికి విలువ లేదు.

నాకు ఏ రాయీ లేదు. నేను దాటి పరుగెత్తాను. పరాయి ఇల్లాలి మీద చెయ్యి వెయ్యకూడదని భటులు పక్కకి తప్పుకున్నారు. సెర్టర్‌ని లేపి నా పైట గుడ్డ కప్పాను. వాడు నొప్పితో పళ్లు కరుచుకుని, చిన్నప్పుడు దెబ్బ తగిలితే చూసినట్టే నా మొహంలోకి చూశాడు.

"బావనేమీ అనకక్కా," అన్నాడు.

అంతే మాట్లాడాడు. వాడి పేరు రాసుకున్నారు. పాత దళంలో కాదు. ఎదురు తిరిగినవాళ్లని వేరే పెట్టి, కొండ అంచున కాపలాకి పంపుతున్నామన్నారు. వాళ్లలో ఒక్కడు కూడా వాడికి తెలిసినవాడు లేడు. నేను వాళ్ల వెనక కొంత దూరం నడిచాను. తర్వాత ఒక భటుడు "ఇక పొండి తల్లీ" అన్నాడు, తిట్టినట్టు కాదు, మామూలుగానే.

తిరిగి వస్తే నుమేరియస్ ఇంకా రాయి దగ్గరే ఉన్నాడు. వాడు అనొద్దన్న మాటలన్నీ అన్నాను. ఊరంతా వింటుండగా అన్నాను. "ఈ రాయికే మొక్కుకో. నా తమ్ముడు చచ్చాక కూడా ఇక్కడే నిలబడు, నీకు నిలబడడం తప్ప ఇంకేం వచ్చు?" అన్నాను. ఆయన విన్నాడు. గుంపులో ఎవరూ నన్ను ఆపలేదు. వాళ్లు నన్ను అదోలా చూశారు. నా మీద జాలి అనుకున్నాను.

ఆ రోజు నుంచి నేను ఆయన్ని ముట్టుకోలేదు. మగ్గం పక్కన చాప వేసుకున్నాను. గిన్నె ఆయన ముందు పెట్టి పోయేదాన్ని. ఆయనా ఏమీ అడగలేదు. ఊళ్లో ఆయన్ని తాకే మనిషి ఒక్కతే ఉండేది, అదీ లేకుండా పోయింది. పొద్దున్నించి రాత్రి దాకా జనం మధ్య కూర్చునేవాడు, మెడ వెనక కందిరీగ కుట్టినా తీసేవాళ్లు లేరు. నాకు జాలి వేసేది. వేసినకొద్దీ కోపం వచ్చేది.

సెప్టెంబరులో కబురొచ్చింది. కొండ అంచున కాపలాలో సెర్టర్‌ని పొడిచేశారు. చెప్పడానికి వచ్చినవాడికి వాడి పేరు కూడా సరిగ్గా తెలియదు, "ఆ ముడులు బాగా వేసేవాడు" అన్నాడు. పాత దళం అంతా చెక్కుచెదరకుండా ఇంటికొచ్చింది. ఓపియా చంటిపిల్లతో వాళ్లమ్మ ఇంటికి పోయింది. వాడి పాదుల్లో గడ్డి మొలిచింది.

నేను చెప్పిన అబద్ధం నా కడుపులోనే ఉండిపోయింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్నాను. నుమేరియస్ వల్లే పోయాడని వీధిలో అందరితో అన్నాను. అన్నప్పుడల్లా లోపల ఒకటి గుచ్చుకునేది. ఆయనకి చెప్పాలంటే, ఎప్పుడు చెప్పను? ఆయన చుట్టూ ఎప్పుడూ పదిమంది. పోనీ అది కూడా సాకే. ఆయన ఒక్కడే ఉన్నా చెప్పేదాన్ని కాదు.

డిసెంబరు వచ్చింది. ఆయన పదవికి ఆఖరి రోజు. ఆ పూట వీధి చివరి దాకా జనం వరస కట్టారు, రేపటి నుంచి ఈయన ఉండడని. నేను మగ్గం దగ్గర కూర్చుని చూస్తున్నాను. పొద్దుగూకగానే పదవి అయిపోతుంది, తలుపు మూస్తాం. మూశాక ఈ ఇంట్లో ఆయనా నేనూ, మధ్యలో ఆ అబద్ధం. ఇంట్లో మొగుడికి చెప్పలేనిది ట్రిబ్యూన్‌కి చెప్పొచ్చు కదా అనిపించింది. ఎవడు వచ్చినా ఆయన వినాలి. వినను అనడానికి లేదు.

లేచి, పెరటి దారిన బయటికి పోయి, వీధిలోకి తిరిగొచ్చి, వరస చివర నిలబడ్డాను. నా ముందున్నది ఆ పెద్దబాతు ముసలావిడ. నన్ను చూసి కాస్త జరిగింది. వరస కదలడానికి సగం పూట పట్టింది. చలికి కాళ్లు కొయ్యలైపోయాయి. నా సొంత గడప మీద ఎవరింటి గడపో అన్నట్టు కాలు పెట్టాను.

ముసలావిడ నన్ను ముందుకి పంపింది. నుమేరియస్ తల ఎత్తాడు. నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. వచ్చిన అందరినీ అడిగినట్టే అడిగాడు.

"ఏం కష్టం వచ్చింది?"

"సెర్టర్ తనంతట తను ఎదురు తిరగలేదు," అన్నాను. "పోతానన్నాడు. పాత దళంతో పోతానన్నాడు. నేనే వద్దన్నాను. నువ్వు చెప్పావని అబద్ధం చెప్పాను. నువ్వు చూసుకుంటావన్నాను. రాయి సంగతి నాకు గుర్తు లేదు."

ఇల్లు నిండా జనం. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎవరూ గుసగుసలాడలేదు. అందరూ నేల వైపు చూస్తున్నారు. అది నాకు అర్థం కాలేదు. వెనక నుంచి ముసలావిడ మెల్లగా అంది.

"మాకు తెలుసమ్మా. ఆ రోజు రాయి దగ్గర వాడే అరిచాడు, దెబ్బలు పడేటప్పుడు. 'బావా, నువ్వు చెప్పావని అక్క చెప్పింది, రా బావా' అని. నువ్వింకా రాలేదు అప్పటికి."

"మరి నాకు ఒక్కరూ..."

"నువ్వు పరుగెత్తి వస్తుంటే మీ ఆయన మా వైపు తిరిగాడు. ఈ మాట ఎవరైనా దాని ముందు ఎత్తితే ఒప్పుకోను అన్నాడు. ట్రిబ్యూన్ మాట. ఎవరు కాదంటారు?"

తొమ్మిది నెలలు. ట్రెబియా లాంటి ట్రెబియా నోరు మూసుకుంది తొమ్మిది నెలలు. నేను వీధి వీధీ తిరిగి నా మొగుడే చంపాడని చెబుతుంటే అందరూ తల ఊపి విన్నారు. ఆయన ఇంట్లో కూర్చుని అది విన్నాడు.

ఆయన ముందు నేల మీద కూలబడి, ఆ ఏడాది వేలమంది అన్న మాటే అన్నాను.

"ట్రిబ్యూన్, ఆదుకో."

ఆయన లేచాడు. ఎప్పట్లాగే చెయ్యి ముందుకి చాపాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన కళ్లలో నీళ్లు నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"అది రాయికి అవతల జరిగింది మెవియా," అన్నాడు. "అక్కడ నాకు అధికారం లేదు."

చెయ్యి దించి కూర్చున్నాడు. "తర్వాత ఎవరు?" అన్నాడు. పెద్దబాతు ముసలావిడ నన్ను దాటుకుని ముందుకి వెళ్లింది.

పొద్దుగూకి అందరూ పోయాక తలుపు ముయ్యబోయాం. అది రాలేదు. ఏడాది పాటు ఎండకీ వానకీ గోడకి ఆని ఉండి చెక్క ఉబ్బింది, బరువుకి ఇరుసు కిందికి దిగింది. ఆయన తలుపు కింద రెండు చేతులూ పెట్టి ఎత్తాడు, నేను భుజంతో తోశాను. అలా ఇద్దరం పడితే గాని మూసుకోలేదు. నా భుజం ఆయన భుజానికి తగిలింది. ఇద్దరం అలాగే కాసేపు తలుపుకి ఆనుకుని నిలబడ్డాం.

మరునాటి నుంచి మళ్లీ తాళ్లు పేనాం. నేను పురి తిప్పాను, ఆయన వెనక్కి నడిచాడు. సెర్టర్ పేరు మళ్లీ ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. తాడు బిగువులో మాత్రం నాకు తెలిసేది, కొన్ని రోజుల్లో. ఇరవైరెండేళ్లు ప్రతి సాయంత్రం పనయ్యాక ఆ తలుపుని ఆయన కింద పట్టి ఎత్తేవాడు, నేను తోసేదాన్ని. వడ్రంగిని పిలిపిద్దాం, బాగు చేయిద్దాం అని నేనెప్పుడూ అనలేదు. ఆయనా అనలేదు.

పోయిన చలికాలంలో ఆయన పోయాడు.

ట్రెబియా ఇందాక మళ్లీ వచ్చింది. తన కొడుకుని పంపిస్తానంది, ఒక్క పూటలో తలుపు సరిచేస్తాడట, తర్వాత ఒంటి చేత్తో మూసుకోవచ్చట. వద్దన్నాను. మొండిదానివి అంది. అవునన్నాను.